మీకు తెలుసా? పోర్టుల లెక్క కన్నా చిప్పు ముఖ్యం

అర్ధవీడు వంటి ఊరికి ఇంటర్నెట్ అంటే టెలిఫోన్ తీగే దిక్కయిన రోజుల్లో, లినక్స్ యంత్రానికి ఎనిమిది మోడెమ్‌లు తగిలించేవారు ముందు చూడాల్సింది సీరియల్ కార్డు మీది చిప్పునే. సెకనుకు 1,15,200 బిట్ల వేగంలో ఒక్కో పోర్టుకు 11,520 అక్షరాలు వస్తాయి. పాత 8250 చిప్పు ప్రతి అక్షరానికీ ప్రాసెసర్‌ను పిలుస్తుంది. ఎనిమిది పోర్టులూ నిండుగా నడిస్తే సెకనుకు 92,160 పిలుపులు! పదహారు అక్షరాలు దాచుకోగల 16550ఏ, పద్నాలుగింటికొకసారి పిలిస్తే అవి సుమారు 6,600కు దిగుతాయి.

సొంత ప్రాసెసరున్న ఖరీదైన కార్డు ఇంకా మేలు కదా అనవచ్చు. మేలే, కానీ డ్రైవర్ సోర్సు బయటపెట్టని కార్డు కెర్నల్ మారిన రోజున మూలపడే ప్రమాదముంది. ఇక మోడెమ్‌కు 56కె వేగం రాదన్న ఫిర్యాదుకు కారణం కార్డు కాదు: సర్వర్ వైపు డిజిటల్ లైను లేకపోతే వేగం 33.6కె దాటదు.