సంకెళ్లలో సమాధానం

కైసరయలోని అధికార మందిరంలోకి అగ్రిప్ప రాజు, బెర్నీకే ఎంతో ఆడంబరంగా వచ్చారు. సహస్రాధిపతులు, పట్టణపు పెద్దలు కూర్చున్నారు. అధిపతి ఫేస్తు ఆజ్ఞాపించగా ఒక ఖైదీని తీసుకొచ్చారు. అతడే అపొస్తలుడైన పౌలు (అ.కా. 25:23).

అప్పటికి ఆయన చెరలో పడి రెండేళ్లు దాటింది. మునుపటి అధిపతి ఫేలిక్సు లంచం ఆశించి ఆయనను పదేపదే పిలిపించేవాడు. పౌలు ఆ దారి తొక్కలేదు. అలాగని చట్టం ఇచ్చిన హక్కునూ వదులుకోలేదు. యెరూషలేముకు రప్పించి దారిలోనే చంపాలని శత్రువులు పొంచి ఉండగా, కైసరు ఎదుటనే తన విచారణ జరగాలని కోరాడు. అడ్డదారిని విడిచిపెట్టడం విశ్వాసం. న్యాయమైన దారిని వాడుకోవడం అవిశ్వాసం కాదు.

ఈ అగ్రిప్ప ఎవరు? బేత్లెహేము పసివారిని చంపించిన హేరోదుకు మునిమనుమడు. అపొస్తలుడైన యాకోబును కత్తితో చంపించిన హేరోదు అగ్రిప్పకు కుమారుడు. అలాంటి వంశస్థుని ఎదుట పౌలు ముఖస్తుతి చేయలేదు, నిష్ఠూరమూ ఆడలేదు. ఒకప్పుడు తానే విశ్వాసులను చెరసాలల్లో వేయించానని ఒప్పుకొన్నాడు. దమస్కు మార్గంలో మిట్టమధ్యాహ్నం తనకు ఎదురైన ప్రభువును గూర్చి చెప్పాడు. క్రీస్తు శ్రమపడి, మృతులలో నుండి లేచాడన్నదే ఆయన వాదనకు ఆధారం.

చదువు ఎక్కువై వెర్రెత్తిందని ఫేస్తు కేకవేశాడు. పౌలు మాట తూలలేదు, గౌరవంగా బదులిచ్చాడు. రాజువైపు తిరిగి, ప్రవక్తలను నమ్ముతున్నారా అని అడిగాడు. అంతవరకు ప్రశ్నలు ఎదుర్కొన్న ఖైదీయే ఇప్పుడు రాజును ప్రశ్నిస్తున్నాడు! చివరికి ఆయన కోరింది తన విడుదల కాదు. ఈ సంకెళ్లు తప్ప, వింటున్న వారందరూ తనవలె కావాలన్నదే ఆయన ప్రార్థన.

పౌలు నిర్దోషి అని వారే ఒప్పుకొన్నారు. కైసరుకు విన్నవించుకోకపోతే విడుదలయ్యేవాడేనని అగ్రిప్ప అన్నాడు. అయితే ఆ విన్నపమే ఆయనను రోమాకు చేర్చింది. రోమాలోనూ సాక్ష్యమివ్వాలని ప్రభువు ముందే ఆయనతో చెప్పి ఉన్నాడు (23:11).

ప్రియ చదువరీ, పౌలు ఇచ్చిన జవాబును మన తెలుగు బైబిలు ‘సమాధానము’ అంటుంది. మన భాషలో ఆ మాటకు జవాబు అనే కాదు, శాంతి అనే అర్థం కూడా ఉంది. ఇంట్లోనో, ఆఫీసులోనో, అధికారుల ఎదుటనో మన విశ్వాసాన్ని నిలదీసినప్పుడు వాదనలో నెగ్గాలనే తొందర సహజం. కానీ నిలదీసేవారి మేలు కోరుతూ ఇచ్చే జవాబే సాక్ష్యమవుతుంది. మన సమాధానంలో ఆ రెండర్థాలూ వినబడుతున్నాయా?