బల్బు వెలగలేదు... నా బీటెక్ పరువు పోయింది!

దసరా సెలవులకు ఊరెళ్లా. మా చిన్నాన్న కూతురు అక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి. వాళ్ల సైన్స్ మేడం ఇచ్చిన పని పట్టుకుని నా దగ్గరికొచ్చింది. ఒక సెల్, ఒక టార్చి బల్బు, జానెడు వైరు ముక్క. "అన్నయ్యా, ఈ మూడింటితోనే బల్బు వెలిగించాలట" అంది.

నేను ట్రిపుల్ ఈలో బీటెక్. ఇదో పనా అనుకున్నా. బల్బు మొనని సెల్ మీద ఆనించి, వైరుని సెల్ అడుగు నుంచి తెచ్చి మళ్లీ ఆ మొనకే తగిలించా. వైరు వేడెక్కింది గానీ బల్బు వెలగలేదు. అటు తిప్పా, ఇటు తిప్పా. ఊహూ!

చెల్లి నవ్వేసింది. "నీకూ రాలేదా! నాకొక్కదానికే బుర్ర లేదనుకున్నా."

ఆ మాట గుచ్చుకుంది. ఎందుకంటే "నాకు సైన్స్ ఎక్కదు, ఇంటర్‌లో సీఈసీ తీసుకుంటా" అని ఇంట్లో అప్పటికే చెప్పేసింది. సీఈసీ ఇష్టమై తీసుకుంటే సంతోషమే. బుర్ర లేదనుకుని తీసుకుంటేనే బాధ.

ఇద్దరం బల్బుని దగ్గరగా పెట్టుకుని చూశాం. లోపలి సన్న తీగకి రెండు కొసలుంటాయి. ఒకటి కింద మొనకి, రెండోది పక్కనున్న లోహపు తొడుగుకి కలుస్తుంది. వైరుని తొడుగుకి తగిలించగానే వెలిగింది. ఓమ్ నియమం మాత్రం ఇద్దరికీ కంఠతా వచ్చు!

మనమే కాదు, ఎంఐటీ వాళ్లు కూడా

1997లో అమెరికాలో 'మైండ్స్ ఆఫ్ అవర్ ఓన్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. పట్టా పుచ్చుకున్న రోజునే ఎంఐటీ విద్యార్థుల చేతికి సెల్, బల్బు, వైరు ఇచ్చి వెలిగించమన్నారు. చాలామంది తడబడ్డారు.

అంటే లోపం తెలివిలో లేదు. పిల్లల బుర్ర ఖాళీ కుండ కాదు. కరెంటు అంటే ఏంటో, వస్తువులు ఎందుకు కింద పడతాయో వాళ్లు ముందే ఏదో ఒకటి అనుకుని ఉంటారు. దాన్ని బయటికి లాగకుండా పాఠం చెప్తే పాత నమ్మకం అలాగే ఉండిపోతుంది, దాని పక్కనే కొత్త డెఫినిషన్ చేరుతుంది. పరీక్షలో డెఫినిషన్ రాస్తాం. బల్బు దగ్గరికొచ్చేసరికి పాత నమ్మకమే పనిచేస్తుంది.

ముందు పందెం, తర్వాతే ప్రయోగం

నవంబర్‌లో ఒక శనివారం, మేడం రమ్మంటే వాళ్ల క్లాసుకి వెళ్లా. మూడు సెల్స్‌కి రెండు ఒకే రకం బల్బులు వరుసగా కలిపాం. స్విచ్ వేయకముందే అడిగాం: "మొదటి బల్బు ఎక్కువ వెలుగుతుందా, రెండోదా, రెండూ సమానమా?"

ఒకరిది చూసి ఒకరు చెప్పకుండా ఛాతీకి ఆనించి వేళ్లు చూపించమన్నాం. సగానికి పైగా ఒక వేలే! "మొదటి బల్బు కరెంటు తినేశాక మిగిలిందేగా రెండోదానికి వెళ్లేది" అని వాళ్ల లాజిక్. తర్వాత పక్కవాళ్లతో మూడు నిమిషాలు వాదించుకోమన్నాం. క్లాసు సంతలా మారిపోయింది.

స్విచ్ వేశాం. మొదటి బల్బే కొంచెం ఎక్కువ వెలిగింది! పిల్లలు ఈలలు. నాకు చెమటలు. అప్పుడు వెనక బెంచీ అమ్మాయి అడిగింది: "సార్, బల్బులు అటూ ఇటూ మార్చి చూద్దామా?" మార్చాం. ఇప్పుడు రెండో స్థానంలో ఉన్నది ఎక్కువ వెలిగింది. తేడా స్థానంలో లేదు, బల్బు తయారీలో ఉంది. నేను గంట లెక్చర్ ఇచ్చినా అంత బాగా ఎక్కేది కాదు.

వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది: "కరెంటు ఖర్చవ్వకపోతే సెల్ ఎందుకు అయిపోతుంది?" మేడం సైకిల్ చూపించారు. చైన్ తిరుగుతుంది, ఎక్కడా తగ్గదు. అలిసిపోయేది తొక్కేవాడి కాళ్లు. సెల్‌లో తరిగేది కూడా శక్తే.

ఈ పద్ధతి ఎక్కడిది?

హార్వర్డ్ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో ఇలాంటిదే మొదలుపెట్టారు. తన విద్యార్థులు లెక్కలు చేస్తున్నా, మామూలు ప్రశ్నలకు తడబడుతున్నారని గమనించాక లెక్చర్ తగ్గించారు. ప్రశ్న, ఓటు, పక్కవాళ్లతో చర్చ, మళ్లీ ఓటు. మొదటి ఓటులో సుమారు 30 నుంచి 70 శాతం మంది కరెక్ట్ అయితే చర్చ బాగా పనిచేస్తుంది. అంతకన్నా తక్కువైతే పాఠం మళ్లీ చెప్పాలి, ఎక్కువైతే ముందుకెళ్లాలి.

1998లో రిచర్డ్ హేక్ ఆరు వేలకు పైగా విద్యార్థుల ఫలితాలు పోల్చారు. ఇలా పాల్గొంటూ నేర్చుకున్న క్లాసుల్లో అవగాహన పెరుగుదల మామూలు లెక్చర్ క్లాసులకు రెండింతలు.

ఇదంతా డబ్బున్న దేశాల ముచ్చట అనుకోకండి. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లోనే 16 పల్లెటూరి బడుల్లో చవక కిట్లతో, పిల్లలే జట్లుగా ప్రయోగాలు చేసే కార్యక్రమం మొదలైంది. అక్కడ పుస్తకం చూసి పరీక్ష రాయనిచ్చేవారు. 2002లో ప్రభుత్వం ఆపేసేదాకా ఏళ్ల తరబడి నడిచింది.

సిలబస్ ఎప్పుడవుతుంది?

మేడం అడిగింది కూడా ఇదే. న్యాయమైన ప్రశ్న. పదో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉంటుంది, ప్రతి పాఠం ఇలా చెప్పడం కుదరదు. అందుకే ఒక లెక్క వేసుకున్నాం: చాప్టర్‌కి రెండే ప్రశ్నలు, ఒక్కోదానికి పది నిమిషాలు. తప్పు ఆప్షన్లు మనం ఊహించి రాయకూడదు, పిల్లల నోటి నుంచి వచ్చినవే పెట్టాలి. తప్పు చెప్పినవాళ్లని చూసి నవ్వకూడదు. ఈ ఆఖరిది తప్పితే, వచ్చే వారం ఎవరూ వేలెత్తరు.

మీ ఇంట్లో తమ్ముడో చెల్లో ఉంటే, ఈసారి యూట్యూబ్ లింక్ పంపే ముందు "నువ్వేమనుకుంటున్నావ్?" అని అడగండి. సెల్, బల్బు, వైరు ఇచ్చి చూడండి. వైరు వేడెక్కితే వెంటనే తీసేయాలి, ఇంట్లో ప్లగ్గుల జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు.

మా చెల్లి ఏ గ్రూప్ తీసుకుంటుందో ఇంకా తేల్చుకోలేదు. కానీ మొన్న ఫోన్‌లో "నాకు ఎక్కదు" అనలేదు. "అన్నయ్యా, బల్బులు పక్కపక్కనే విడివిడిగా కలిపితే ఏమవుతుంది? ముందు నువ్వు చెప్పు" అంది.

ఈసారి సెల్, వైరు దగ్గర పెట్టుకునే సమాధానం చెప్పా.