బ్రిటనీ సీమయందలి శిలాశిలువలు

ఫ్రాన్సుదేశమునకు పడమటి కొసను సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన సీమకు బ్రిటనీ యని పేరు. అచ్చటి పెక్కు పల్లెలలో చర్చి చుట్టునుగల ప్రాకారము లోపలనే శ్మశానవాటిక యుండెడిది. దాని నడుమ నున్నతమైన రాతిశిలువను నిలుపుట వారి యాచారము. క్రీస్తు ప్రాణము విడిచిన కొండ పేరిట వీనిని కల్వరు లందురు. పెద్దవానియందు శిలువ పాదమున రాతితిన్నె కట్టి, దానిపై క్రీస్తు చరిత్రమును జననము మొదలుకొని బొమ్మలుగా మలచిరి. చదువెరుగని జనులకు ఈ బొమ్మలే గ్రంథము.

వీనిలో మిక్కిలి ప్రాచీనమైనది త్రొనోయెన్ అను చోట సముద్రము దాపున నున్నది. ఇది 1450-1470 సంవత్సరముల ప్రాంతమున చెక్కబడినది. ఐదువందల యేండ్లుగా ఉప్పుగాలి సోకి ముఖములు అరిగిపోయినవి. అయినను అందొక బొమ్మ మన మనస్సున నిలుచును. మరియమ్మ పురిటిమంచముపై పవళించి యున్నది! చేతులు జోడించి మోకరిల్లిన దేవమాతను పటములలో తరచుగా చూతుము. ఈ శిల్పి మాత్రము ఆమెను అలసిన బాలెంతరాలిగా భావించినాడు.

గిమిలియో గ్రామమునందలి కల్వరి 1581-1588 నడుమ కట్టినది. ఇందు సుమారు రెండువందల బొమ్మలు గలవు. ఒక మూల దయ్యములు ఒక యువతిని నరకపు నోటిలోనికి త్రోయుచున్నవి. ఆమె పేరు కతెల్ గొల్లెత్, అనగా చెడిపోయిన కాతరీను. నాట్యమునందు మితిమీరిన మోజుచే పాడైనదని కథ. ఆడపిల్లలకు బుద్ధిగరపుటకై ఆమెను చూపెడివారట.

ప్లుగాస్తెల్ నందలి కల్వరికి వేరొక కారణము గలదు. 1598లో మహామారి యచ్చట ప్రబలినది. అది శమించిన పిదప 1602-1604 నడుమ దీనిని కట్టిరి. కంబముపైనున్న బుడిపెలు ఆ తెగులు గడ్డలకు గురుతులని చెప్పుదురు. 1944 యుద్ధమున ఇది దెబ్బతినగా, జాన్ స్కిల్టన్ అను అమెరికా సైనికోద్యోగి స్వదేశమున చందాలు ప్రోగుచేసి దీని పునరుద్ధరణమునకు తోడ్పడెను.

ఇంత శిల్పమునకు ధనమెక్కడిది? 16, 17 శతాబ్దులలో ఆ ప్రాంతమునుండి అవిసెనార బట్టలు ఓడలపై ఇంగ్లండు, స్పెయిను దేశములకు పోయెడివి. ఆ లాభములో కొంత చర్చికి ముట్టెడిది. ఆ బట్టలకు వలయు నూలును ఇండ్లలో వడికినవారు స్త్రీలే.

సోదరీమణులారా! నాట్యమాడిన కతెల్‌ను వేలుపెట్టి చూపువారు పెక్కుండ్రు. కదురు త్రిప్పిన ఇల్లాండ్రను తలచువారు అరుదు. ఆ శిలువలను చూచునప్పుడు రాతిని చెక్కిన చేతులతోపాటు నూలు వడికిన చేతులను గూడ మనము స్మరింపవలదా?