రాళ్లు తక్కువ, పనితనం ఎక్కువ

సెయింట్ పీటర్స్‌బర్గ్ నగల వ్యాపారి కార్ల్ ఫాబెర్జే పేరు వినగానే జార్ చక్రవర్తుల ఈస్టర్ గుడ్లు గుర్తుకొస్తాయి. అదే సంస్థ 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో చేయించిన పూలకొమ్మలు మాత్రం అంత ప్రచారానికి నోచుకోలేదు. జానెడు ఎత్తుండే ఈ కొమ్మల్లో ఇప్పటికి మిగిలినవి సుమారు 80. వాటిలో 26 బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. ఇవి ఆ సంస్థ పనితనానికి గుడ్ల కంటే గట్టి సాక్ష్యాలని నా అభిప్రాయం. గుడ్డు మీద వజ్రాలు పరిచి కళ్లు మిరుమిట్లు గొలపవచ్చు. గడ్డిపువ్వును చూపించాలంటే చేతిపని ఒక్కటే దిక్కు.

ఒక కొమ్మను దగ్గరగా చూద్దాం. ఐరోపా పొలాల్లో కలుపుగా మొలిచే నీలి కార్న్‌ఫ్లవర్ పువ్వు, పక్కనే ఓట్స్ వెన్ను. రెండూ సగం నీళ్లున్న గాజు కుప్పెలో నిలబడినట్టు కనిపిస్తాయి. నిజానికి అక్కడ గాజూ లేదు, నీళ్లూ లేవు. ఒకే స్ఫటికపు ముక్కను పైసగం తొలిచి, కిందిసగం గట్టిగా వదిలేశారు. మెరుగుపెట్టిన ఆ గట్టిభాగమే నీరనిపిస్తుంది. కాడలను అందులోకి సన్నని రంధ్రం తొలిచి దించారు. కాడలు, ఓట్స్ గింజలు బంగారంతో చేసినవి. రేకులకు నీలి మీనా పూశారు. వజ్రాలు పువ్వు నడిమి చిన్న రవ్వలకే పరిమితం.

ఆ మీనా పని మనకు కొత్తది కాదు. కుందన్ నగల వెనకవైపు కనిపించే రంగులు కూడా ఇదే విద్య. లోహపు ఆక్సైడ్లతో రంగెక్కిన గాజును పొడిచేసి, బంగారం మీద పరిచి, సుమారు 700 నుంచి 800 డిగ్రీల వేడిలో కరిగిస్తారు. చల్లారేటప్పుడు గాజు, లోహం ఒకే తీరుగా కుంచించుకోవు. అందుకే పలచని రేకు పగిలే ప్రమాదం ఉంది. ఒక్కో రంగు ఒక్కో వేడికి కరుగుతుంది కనుక ఎక్కువ వేడి కోరేదాన్ని ముందు కాల్చాలి. చివరి కాల్పులో బుడగ లేచినా అంతకుముందు పడ్డ శ్రమంతా వృథా.

ఇది దొరల విలాసమే కదా అనే ఆక్షేపణ ఉంది. కాదనలేం. 1896లో నిజ్నీ నవ్‌గరద్‌లో సామ్రాజ్ఞి అలెగ్జాండ్రాకు బహూకరించిన లిల్లీ ఆఫ్ ద వ్యాలీ పూలబుట్టలో మొగ్గలు ముత్యాలు, ఆకులు నెఫ్రైట్ రాయి, నాచు బంగారు తీగ. ఆ వైభవం 1917 విప్లవంతో కూలిపోయింది, 1918లో సంస్థ ప్రభుత్వపరమైంది. కానీ కొన్నవారి దర్పాన్ని చేసినవారి ఖాతాలో వేయడం న్యాయం కాదు. ఫాబెర్జే స్వయంగా పనిముట్టు పట్టి వీటిని చేయలేదు. హెన్రిక్ విగ్‌స్ట్రోమ్ వంటి ఫిన్లాండ్ పనివాళ్ల కార్ఖానాల్లో ఇలాంటివి తయారయ్యాయి. కాడలు ముద్ర వేయడానికి వీల్లేనంత సన్నం కనుక చాలా పూల మీద చేసినవారి గుర్తు కూడా లేదు.

అసలు పువ్వుండగా నకలెందుకన్నది రెండో ఆక్షేపణ. ఉన్నది ఉన్నట్టు దించడమే ఇక్కడి పనైతే ఆ మాట నిలిచేది. ఇక్కడ పనివాడు ఎంచుకుంటున్నాడు: ఏ రేకు వంగాలి, కాడ ఎటు వాలాలి, రవ్వ ఎక్కడ ఆగాలి. కేవలం వజ్రాలో ముత్యాలో ఎక్కువున్నాయని ఖరీదైన వస్తువు మీద తనకు ఆసక్తి లేదని ఫాబెర్జే 1914 నాటి ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. ఈ పూలు ఆ మాటకు రుజువు.

మన నగల దుకాణాల్లో బంగారానికి గ్రాముల లెక్కన మారుమాట లేకుండా చెల్లిస్తాం, తరుగు, మజూరీ దగ్గరే బేరమాడతాం. ఈ పూలను తూకం వేస్తే వచ్చే ధర స్వల్పం. మిగిలిన విలువంతా మజూరీదే. చేతిపనికి ఇచ్చే డబ్బును దండగ అనుకునే చోట ఇలాంటి విద్య రెండో తరం దాకా నిలవదు.