పది కొట్టాక పటాకులు వద్దు!

దీపావళి నాడు మన ఇళ్ళల్లో ఎంత పనుంటుందో మీకు వేరే చెప్పాలా? పొద్దున్నే హారతులు, ఆ తర్వాత కేదారేశ్వర నోములు, ఇరవై ఒక్క పోగుల దారాలు, అరిసెలు, గుమ్మానికి బంతిపూల దండలు. నోము ముగించి, అందరికీ ప్రసాదం పెట్టి నడుం వాల్చేసరికి రాత్రి పదవుతుంది. సరిగ్గా అప్పుడే వీధి చివర సుతిలి బాంబు ఢామ్మంటుంది!

ఒక ఏడాది కరీంనగర్‌లో మా అత్తమ్మ ఆయాసంతో ఆ రాత్రంతా మంచం మీద కూర్చునే ఉంది. కిటికీలు మూసినా పొగ ఆగలేదు. "గీ సప్పుడు ఎప్పుడు బంద్ చేస్తరే బిడ్డా?" అని ఆమె అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్లయింది. ఎందుకంటే ఆ బాంబుల్లో సగం మా పిల్లలు కాల్చినవే!

ఆదిలాబాద్‌లోని మా పుట్టింటి వాళ్ళ భయం మరో రకం. అక్కడ దీపావళి వచ్చేది పత్తి తీసే రోజుల్లో. ధర వచ్చేదాకా ఆగుదామని చాలామంది పత్తిని ఇంట్లోనో, వసారాలోనో కుప్ప పోసుకుంటారు. ఒక్క రాకెట్టు దారి తప్పి అందులో పడితే ఏడాది కష్టం బూడిదే. పత్తికి అంటిన నిప్పు పైకి ఆరినట్లే కనిపించి లోపల రాజుకుంటూనే ఉంటుంది. అందుకే పండుగ రాత్రి మా అమ్మ కంటి మీద కునుకు ఉండదు.

చట్టం ఏమంటోంది?

"పండుగ పూట కూడా ఆంక్షలేనా?" అని మీ వారు విసుక్కోవచ్చు. ఇవి ఎవరో సరదాగా పెట్టినవి కావు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దం చేసే పటాకులు కాల్చరాదని సుప్రీం కోర్టు 2005లోనే చెప్పింది. 2018లో దీపావళి రాత్రి 8 నుంచి 10 వరకు, రెండే గంటలు అన్నది. తెల్లవారుజామున పండుగ చేసుకునే తమిళనాడు వంటి చోట్ల వేళ మార్చుకోవచ్చు గానీ రెండు గంటలు దాటకూడదు. అదే తీర్పులో లడీలను, బేరియం కలిపిన పటాకులను, ఇంటర్నెట్‌లో అమ్మకాలను నిషేధించింది. 2020 నవంబరులో కరోనా రోజుల్లో మన హైకోర్టు పటాకులను పూర్తిగా ఆపమంటే, సుప్రీం కోర్టు దాన్ని సడలించి మళ్ళీ ఆ రెండు గంటలకే అనుమతించింది.

ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన చోట పగలైనా సరే బాంబులు కాల్చకూడదు.

కొనేటప్పుడు

వీధి మలుపులో బల్ల వేసి అమ్మే చోట రూపాయి తక్కువని కొనకండి. లైసెన్సు ఉన్న దుకాణాలకే వెళ్ళండి. ఊరి బయట మైదానంలో పెడతారని గొణుక్కుంటాం గానీ, దానికి కారణం ఉంది. తాత్కాలిక దుకాణాలు ఒకదానికొకటి 3 మీటర్లు, ఇళ్ళ వంటి కట్టడాలకు 50 మీటర్లు దూరంలో ఉండాలి. ఎదురెదురుగా ఉండకూడదు. ఒకచోట 50కి మించరాదు. ఒకటి అంటుకున్నా పక్కది మిగలాలి కదా!

'గ్రీన్ పటాకులు' అంటే పొగ, చప్పుడు అసలే లేనివి అనుకోకండి. మామూలు వాటికన్నా తక్కువ, అంతే. పిల్లలు, పెద్దలు ఉన్న ఇంట్లో వాటికీ అవే జాగ్రత్తలు.

కాల్చేటప్పుడు

* నూలు బట్టలే వేయండి. చున్నీ, పైట కొంగు బిగించి దోపుకోండి.
* పక్కన ఒక బకెట్ నీళ్ళు, ఒక బకెట్ ఇసుక ఉంచండి. కాలిన కాకరపువ్వొత్తులు నీళ్ళ బకెట్లోనే వేయించండి. ఆరినట్లున్నా ఆ కమ్మి చాలాసేపు కాలుతూనే ఉంటుంది.
* అంటుకోని చిచ్చుబుడ్డి మీదకు వంగి చూడొద్దు. నీళ్ళు పోసి వదిలేయండి.
* డాబా మీది బట్టలు, వడియాలు ముందే తీసేయండి. పత్తి, గడ్డి ఉన్న ఇళ్ళ దగ్గర రాకెట్ల ఊసే వద్దు.
* నోము దీపాలకు పటాకుల సంచి దూరంగా ఉండాలి.

కాలితే

టూత్‌పేస్టు, సిరా, పసుపు ఏవీ పూయకండి. మంచుగడ్డ కూడా వద్దు. కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు పట్టండి. అంటుకుపోయిన బట్టను లాగకండి. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కంట్లో దెబ్బ తగిలితే నలపకండి, నొక్కకండి. కంటికి తగలకుండా కాగితం కప్పు అడ్డం పెట్టి వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అంబులెన్సుకు 108, మంటలకు 101.

వాడకట్టు మాట

పోలీసుకు ఫోను చేయడం ఆఖరి మాట. ముందు మనం ఒకరికొకరం చెప్పుకోవాలి. అత్తమ్మ సంగతి జరిగిన మరుసటి ఏడు, నోముకు వాయనం ఇచ్చిపుచ్చుకునేటప్పుడే మా వాడకట్టు ఆడవాళ్ళం మాట్లాడుకున్నాం. ఎవరింట్లో బాలింత ఉంది, ఎవరికి ఆయాసం, ఎవరికి గుండె జబ్బు అన్నీ చెప్పుకున్నాం. ఎనిమిదింటికి పిల్లలందరూ ఖాళీ స్థలంలోకి, పదింటికి ఇళ్ళలోకి అని ఒప్పందం. ఒకరిద్దరు మొగవాళ్ళు మూతి ముడిచారు. పిల్లలు మాత్రం మాట తప్పలేదు.

చప్పుడు లేకుంటే పండుగే కాదా? ఆదిలాబాద్ గోండు గూడేల్లో దీపావళికి దండారి వస్తుంది. డప్పులు, నెమలి ఈకల టోపీలు, గుస్సాడీ ఆట. ఆ ఆటకే మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆ సంబరానికి బాంబులతో పనేముంది?

ఆ ఏడు మా అత్తమ్మ గడప దగ్గర కుర్చీ వేయించుకుని మనవడి చిచ్చుబుడ్డిని చూసింది. పది కొట్టగానే, "ఇగ చాలు, లోపటికి రండి బిడ్డా" అని ఆమే పిలిచింది. మరి ఈసారి మీ వాడకట్టులో ఆ మాట ఎవరంటారు? మీరే మొదలుపెట్టండి!