తండ్రిపేరు లేని మూలపురుషుడు

సూరతు పాతనగరము, తాపీనది కావలనున్న అడాజన్, వాటి చుట్టునున్న పల్లెలు కలిసిన ఆ గుజరాతు సీమలో వంశవృత్తమనగానే వహీవంచా బారోటులు జ్ఞప్తికి వత్తురు. వారు తరతరముల పేర్లు వ్రాసిన వహీలను వెంటబెట్టుకొని యజమానుల యిండ్లకు వచ్చి చదివి వినిపించుట ఆచారము. ఆ లెక్క ప్రధానముగా తండ్రినుండి కొడుకునకు సాగును. మన భట్రాజుల వంశకీర్తనమును అట్టిదే. తండ్రి తెలియనిచో శాఖ లేదు.

అదే సూరతు రేవున వర్తకశాల నడపిన డచ్చి కంపెనీ మరియొక తీరు లెక్కలు వ్రాసినది. అందు ఓడలు, శిక్షలు, జ్ఞానస్నానములు, వేలములు కలవు. ఆ కాగితములలో ఒకచోట తల్లి స్పష్టముగా కనిపించును, తండ్రి మసకబారును.

ఆ తల్లి మన తీరమునకు చెందినది. తెలుగు తమిళసీమల సరిహద్దున, మనవారు ప్రళయకావేరి అని పిలిచిన సరస్సు చెంత, పులికాటులో 1613లో కంపెనీవారు గెల్డ్రియా కోట కట్టిరి. అక్కడినుండి బట్టలతోపాటు బానిసలును బటేవియాకు ఓడ లెక్కిరి. కరవు వచ్చినపుడు మనిషి వెల తగ్గును, ఎగుమతి పెరుగును. అట్లు పోయినవారిలో ఒకతె ‘పలియకట్టు కాథరీనా’. ఆమె అసలు పేరు నిలువలేదు. పలియకట్టు అనునది పుట్టిన ఊరో, ఓడ యెక్కిన రేవో చెప్పలేము. కాన ఆమెను తెలుగుదనియో, తమిళదనియో ఊరిపేరునుబట్టి తీర్మానించుట సాహసము.

తనతో కలసియుండిన మలబారు బానిస యొకడు కలహములో దెబ్బతిని మరణింపగా, బటేవియా న్యాయస్థానము 1656లో ఆమెకు మరణశిక్ష విధించి, పిదప దానిని ప్రవాసముగా మార్చినది. 1657లో ఆమె దక్షిణాఫ్రికాలోని కేప్ చేరెను. అచ్చటి డచ్చి వలసకు అప్పటికి అయిదేండ్లు. అక్కడ ఆమెను ‘పెద్ద కాత్రీను’ అనిరి.

1669లో ఆమె కుమారుడు క్రిస్టోఫెల్ జ్ఞానస్నానము పొందెను. అతడే స్నైమాన్ వంశమునకు మూలపురుషుడు. తండ్రి యెవరు? హైడెల్‌బర్గునుండి వచ్చిన హాన్స్ క్రిస్టోఫెల్ స్నైమాన్ అను సైనికుడని సాధారణముగా చెప్పుదురు. కావలి విడిచి ఆమె యొద్దకు పోయినందుకు అతనిని శిక్షించిన నేరపత్రము ఒక ఆధారము. బిడ్డకు పెట్టిన పేరు, తరువాత వాడిన ఇంటిపేరు తక్కిన ఆధారములు. మూడును ఒకేవైపు చూపును, నిజమే. కాని నేరపత్రము వారి సంబంధమును నిరూపించునే గాని పుట్టుకను నిరూపింపదు. పేరు తల్లి నమ్మకమును తెలుపును. ఆమె కోరికనైనను తెలుపవచ్చును. కాత్రీను తరువాత ఆంథొని అను బెంగాలు స్వతంత్రుని పెండ్లాడినది. పిల్లవానికి ఇంట తండ్రిగా నిలిచినవాడు ఇతడే. వంశవృక్షములు గీయువారు ఇతనిని మూలకు నెట్టుట అన్యాయము.

నేడు వై క్రోమోజోము పరీక్ష కలదు. అది తండ్రినుండి కొడుకునకు చెక్కుచెదరక దాదాపు అట్లే దిగును. స్నైమాన్ వంశపు పురుషశాఖలు రెండు మూడింటిని పోల్చినచో మూలపురుషుని పితృరేఖ ఐరోపాదో, ఆసియాదో తేలవచ్చును. కాని ఐరోపా అని తేలినంతమాత్రమున ఆ సైనికుడే అని తేలదు. కేప్ కోటలో సైనికులు పెక్కుమంది.

ఈ శోధన తీరికవేళల వినోదము కాదు. క్రిస్టోఫెల్, ఫ్రెంచి హ్యూగనో వలసదారుడు జాక్ ద సవాయ్ కుమార్తె మార్గరీతును వివాహమాడెను. వారి సంతతి పిమ్మట తెల్లజాతి ఆఫ్రికానరులలో కలిసిపోయినది. అదే దేశమున 1950లో జనాభా నమోదు చట్టము ప్రతిమనిషిని జాతులవారీగా విభజించినది. 1991 వరకు అది నిలిచినది. ఎక్కడ చదువవలెను, ఎవరిని పెండ్లాడవలెను అనునవి ఆ నమోదుపై ఆధారపడినవి. అట్టి కాలమున పాత జ్ఞానస్నానపట్టికను తెరచుటయే ప్రమాదము. 1984లో హాన్స్ హేసే అను చరిత్రకారుడు కేప్ తొలి కుటుంబములలోని మిశ్రవివాహములను గ్రంథముగా వెలువరింపగా కలవరము పుట్టినది. స్వచ్ఛమని చెప్పుకొనిన వంశములు పులికాటు, బెంగాలు రేవులకు చేరుచుండెను.

తండ్రి యెవరన్న తర్కములో ఇంత సిరా ఖర్చయినది. కాత్రీను తల్లిదండ్రుల స్థానమున మాత్రము ఒక రేవుపేరు తప్ప మరేమియు లేదు.