మీకు తెలుసా? ఎక్కువ రక్తం ఎక్కిస్తే మళ్లీ రక్తస్రావం!

కడుపులో పుండు వల్లో, అన్నవాహికలో ఉబ్బిన సిరలు చిట్లో నెత్తురు కక్కుకున్న మనిషికి ఎంత రక్తం ఎక్కిస్తే అంత మంచిదనిపిస్తుంది కదా? 2013లో వెలువడిన బార్సిలోనా వైద్యుల పరిశోధన ఈ నమ్మకాన్ని తలకిందులు చేసింది. అందులో 921 మంది రోగులు. హిమోగ్లోబిన్ 7 గ్రాముల కంటే తగ్గితేనే రక్తం ఎక్కించినవారిలో ఆరు వారాలకు 95 శాతం మంది బతికి ఉన్నారు. 9 కంటే తగ్గగానే ఎక్కించినవారిలో 91 శాతమే. మళ్లీ రక్తస్రావమైనవారు మొదటి వర్గంలో 10 శాతం, రెండోదాంట్లో 16 శాతం. ఎక్కువ రక్తం ఎక్కించిన కాలేయ రోగుల్లో కాలేయానికి వెళ్లే సిరలో ఒత్తిడి పెరిగినట్టు కూడా తేలింది. అయితే నెత్తురు ధారకట్టి ప్రాణం మీదికి వచ్చినవారిని ఈ పరిశోధనలో చేర్చలేదు. వాళ్లకు వెంటనే ఎక్కించాల్సిందే.